వంతెన దాకా ట్రయల్

గోదావరిఖని మెకానిక్ రాజం ఏ బండి బాగుచేసినా గోదావరి వంతెన దాకా నడిపి చూస్తేగానీ తాళం తిరిగివ్వడు. వంతెన మాత్రం ఎక్కడు. ఒకరి బండి మీద తన హక్కు అక్కడికే అంటాడు. ఆ వేసవిలో, గనిలో యంత్రాలు బిగించడానికొచ్చిన విదేశీ ఇంజనీరు తను కాపురముండే బండిని షెడ్డుకు తెచ్చాడు. అందులో మంచం, పొయ్యి, వెనక మూలకు చిన్న మరుగుదొడ్డి. బండి కదిలితే చాలు, మరుగుదొడ్డి అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. రాజం నీళ్ల గొట్టం విప్పాడు. నాలుగు బోల్టులూ తీసిన వరుసలోనే పేపరు మీద పేర్చి, మరుగుదొడ్డి కుండీని రెండు చేతులా ఎత్తి బయటికి తెచ్చాడు. కుండీ కింద ఎండి పగిలిన రబ్బరుకు బదులు లారీ ట్యూబు ముక్క కోసి వేశాడు. అంతా తిరిగి బిగించాక ఆ మరుగుదొడ్డి తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంజనీరును అడిగి, ట్రయల్‌కు తల్లి సారవ్వను ఎక్కించుకున్నాడు.

గంటకు నాలుగుసార్లు ఒంటికి పోవాల్సిన జబ్బుతో ఆమె బస్సెక్కి ఆరేళ్లయింది. నది అవతల నస్పూర్‌లో ఉన్న చెల్లెలిని చూసీ ఆరేళ్లే. వంతెన మొదట్లో బండి ఆపి, రాజం కుండీ అడుగున చెయ్యి పెట్టి చూశాడు. చుక్క తడి లేదు.

"అవ్వా, ఒంటికి పోతవా?"

"రాలే బిడ్డా. ఇయ్యాల ఒక్కపారి గూడ రాలే." సారవ్వ అవతలి ఒడ్డునే చూస్తోంది. "నా ఫికర్ జెయ్యకు. పోనియ్యి."

"బండి మనది గాదవ్వా," అన్నాడు రాజం. తర్వాత బండిని షెడ్డు వైపు తిప్పాడు. అప్పుడు, ఇక ఆపుకోలేక, సారవ్వ మెల్లగా లేచి, గోడ పట్టుకుంటూ ఆ చిన్న గదిలోకి పోయింది.