గోడ వైపు తిరిగిన రోబో

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరైనా అలాంటి సంగతి మొదలుపెడితే మధ్యలోనే అడ్డుపడి, అది కళ్ల భ్రమని తేల్చేసేదాన్ని. అలాంటి నాకు ఇది రాయడానికి చాలా కాలం పట్టింది.

గన్నవరం దగ్గర పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్ ఇంజనీరుగా పనిచేసేదాన్ని. మా షెడ్డులో ఇనప కంచె లోపల ఒక రోబో, దాని చుట్టూ మూడు మెషిన్లు. రోబో అంటే మనిషి ఆకారం కాదు, ఒక పొడవాటి చెయ్యి, అంతే. అది ఇనప ముక్కను ఒక మెషిన్‌కి అందిస్తుంది. అక్కడ పని అయ్యాక తీసి తర్వాతి దానికిస్తుంది. రోజంతా అదే తిరుగుడు. ఏ మెషినూ ఊరికే నిలబడకుండా అది ఏ వరసలో తిరగాలో చెప్పడం నా పని.

ఒకరోజు పొద్దున షిఫ్టులో కొత్త వరస పెట్టి నడిపిస్తున్నాను. ఆపరేటరు ఎస్తేరు గారు నా పక్కనే ఉన్నారు. ఉయ్యూరు ఆవిడ, నాకంటే పెద్దవారు.

రెండో మెషిన్ నుంచి ముక్క తీసిన రోబో మూడోదానికి వెళ్లలేదు. గోడ వైపు తిరిగింది. గోడ ముందు మనిషి నిలబడేంత ఖాళీ జాగా ఉంది. అటు ముక్కను చాపి, కాసేపు ఆగి, అప్పుడు మూడో మెషిన్‌కి వెళ్లింది. తర్వాతి చుట్టులోనూ అంతే.

"అదెవరికిస్తందండీ మేడమ్?" అని ఎస్తేరు గారు నవ్వారు.

ప్రోగ్రాం అంతా వెతికాను. అటు తిరగమని ఎక్కడా లేదు. పాత వరస మళ్లీ వేశాను. అయినా తిరిగింది. అది మళ్లీ రెండో మెషిన్ దగ్గర ముక్క తీసుకోగానే కరెంటు ఆపేసి, స్విచ్‌కి తాళం వేశాను. కరెంటు లేకపోతే దాని కీళ్లకు బ్రేకులు పడతాయి. నలుగురు నెట్టినా కదలదు.

"గోడ కాడ ఏవన్నా ఉందేమో చూసొత్తానండీ" అని ఎస్తేరు గారు కంచె లోపలికెళ్లి ఆ జాగాలో నిలబడ్డారు.

చెయ్యి కదిలింది. మోటారు చప్పుడు లేదు. మెల్లగా ఆవిడ వైపు తిరిగి, గుండెకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాపారు. రోబో పట్టు వదిలింది. ముక్క ఆ చేతుల్లో పడింది.

"వచ్చేయండి, ఎస్తేరు గారూ, బయటికొచ్చేయండి!"

ముక్క కింద పడేసి "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నారు.

రోబో అమ్మినవాళ్లు వచ్చి అన్నీ విప్పి చూశారు. కరెంటు లేకుండా కదలడం జరగని పని అన్నారు. మరి గోడ వైపు చాచి ఉన్న ఆ చెయ్యి సంగతేమిటంటే, సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఎస్తేరు గారు మళ్లీ పనిలోకి రాలేదు. కొన్నాళ్లకు వాళ్లింటికి వెళ్లాను. అంత భయంలోనూ పక్కకు తప్పుకోకుండా చేతులెందుకు చాపారని అడిగాను.

లోపల పిల్లలు వినకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"నేను చాపలేదండీ. ఎనక నుంచి ఎవరో నా మణికట్లు పట్టుకుని చాపారు."

ఆ సమయమంతా నేను ఆవిడనే చూస్తున్నాను. ఆవిడ వీపు గోడకు ఆనుకుని ఉంది. మధ్యలో చెయ్యి దూరేంత సందు కూడా లేదు. అదేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.