కొబ్బరికాయలూ, నది కింద గోడా

మాంట్రియల్‌కి నది కింద నుంచి వెళ్లే పాత మెట్రో సొరంగాన్ని రిపేరు కోసం ఈ శనివారం కూడా మూసేశారు. ఇరవై నిమిషాల ప్రయాణానికి బస్సులో గంటన్నర పట్టింది. ఆ చిరాకుతోనే ఇండియన్ స్టోర్‌లోకి వెళ్లాను.

కొబ్బరికాయల దగ్గర బురద బూట్లతో ఒకతను ఒక్కో కాయనీ వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, “ఇది పోయింది” అని తెలుగులో గొణుక్కుంటున్నాడు. నాకూ ఒకటి చూసిపెట్టమన్నాను. ఏడు కాయలు కొట్టి ఒకటి చేతికిచ్చాడు.

“ఇంత పరీక్షా తమ్ముడూ?”

“అలవాటైపోయిందక్కా. సొరంగంలో నా పని ఇదే. గోడంతా సుత్తితో కొట్టుకుంటూ పోతా. డొల్లగా మోగిన చోట మార్క్ చేస్తే, పాత కాంక్రీట్ తీసేసి కొత్తది పోస్తారు.”

“అయితే నా శనివారాలు తినేస్తోంది నువ్వేనన్నమాట” అన్నాను.

అతను నవ్వలేదు. “అనుమానమొస్తే కాయని పక్కన పెట్టేయొచ్చక్కా. గోడని పెట్టలేం కదా. పైన నది ఉంది.”

బిల్లింగ్ దగ్గర ఇంకో మాట చెప్పాడు. ఇంట్లో కూతురు తలుపు తట్టినా సరే, ముందు ఆ చప్పుడు గట్టిగా ఉందా, డొల్లగా ఉందా అనే వింటాడట. తలుపు తీయడం ఆ తర్వాతేనట.

ఇంటికొచ్చి కాయ పగలగొట్టాను. లోపల తెల్లగా, తియ్యగా ఉంది. వచ్చే శనివారం కూడా బస్సేనట. చిరాకు పోలేదు గానీ, అతన్ని తొందరపెట్టే ధైర్యం మాత్రం నాకు లేదు. మీకుందా?