సైకిల్ చక్రంలో చీర

నిజాం పాలన చివరి రోజుల్లో, నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మేము శాలిబండలో ఉండేవాళ్లం. నన్ను వెనక కూర్చోబెట్టుకోవడానికని మా ఆయన సైకిల్‌కు క్యారియర్ వేయించారు. చీర చిక్కకుండా చక్రానికి జాలీ కూడా పెట్టించమని దుకాణం భాయ్ చెప్పాడు.

"దీపం లేకుంటే పోలీసోళ్లు పట్టుకుంటరు. ముందుగాల అది కొందం. జాలీ సంగతి తర్వాత చూద్దం తీ" అన్నారు మా ఆయన.

ఆ ఆదివారమే యాకుత్‌పురాలో ఉన్న మా అక్క ఇంటికి బయలుదేరాం. నడిబజారులో నా కొంగు చక్రంలో పడింది. సైకిల్ ఆగేసరికి సగం చీర చుట్టుకుపోయి చిరిగింది. చుట్టూ మగవాళ్లు మూగారు. నేను చేతులతో ఒళ్లు కప్పుకుని రోడ్డు మీదే ముడుచుకుని కూర్చున్నాను.

అంతలో బురఖాలో ఉన్న ఒక పెద్దామె గుంపును తోసుకుంటూ వచ్చింది.

"ఏంది చూస్తున్నరు? మీ ఇండ్లల్ల ఆడోళ్లు లేరా? హటో!"

అందరి ముందే తన బురఖా విప్పి నాకు కప్పింది.

"మరి మీరెట్ల పోతరమ్మా?" అన్నాను ఏడుస్తూ.

"నా ఫికర్ జెయ్యకు బేటీ. నువ్వు ఇంటికి పో."

దుపట్టా తల మీదికి లాక్కుని ఆ బజారులోంచే నడిచి వెళ్లిపోయింది. బురఖా తిరిగిద్దామని తర్వాత ఎంత వెతికినా ఆమె కనిపించలేదు.

పరదా లేకుండా గడప దాటని మనిషికి ఆ నడక ఎంత కష్టమైందో అప్పుడు నాకు తోచలేదు. ఇన్నేళ్లలో నేను ఎవరికైనా అంత ఇచ్చానా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.