ఎందుకుగారి ఫిర్యాదుల ఫైలు

ఆ పెద్దాయనకున్న అసలు జబ్బు ప్రశ్నలు. ప్రోస్టేటు క్యాన్సరు కూడా ఉంది గానీ దాన్ని ఆయన రెండో జబ్బు కిందే జమకట్టేవారు. నలభై ఏళ్లు ఇంటింటా కుళాయిలు బాగుచేసిన మనిషి. ఏది ఆగినా, ఏది కారినా కారణం తెలిసేదాకా నిద్రపట్టదు. రేడియేషన్ విభాగంలో అందరూ ఆయన్ను ఎందుకుగారు అనేవారు. ఆ పేరు ఎందుకు పెట్టారని కూడా ఆయన అడిగారు.

ఆయన పక్క కుర్చీ బస్సు డ్రైవరుది. అక్కడ కూర్చోవాలంటే డ్రైవరుకు తల తీసేసినట్టుండేది. రోజూ పద్ధతి ఒకటే. మూత్రాశయం ఖాళీ చేసి, మూడు గ్లాసుల నీళ్లు తాగి, ముప్పావుగంట బిగబట్టి కూర్చోవాలి. తర్వాత బల్లమీద పడుకోబెట్టి, కిరణాలు వదిలేముందు స్కాన్ తీసి, లోపల ఏది ఎక్కడుందో చూస్తారు. మూత్రాశయం సరిగ్గా నిండకపోతే లేపి బయటికి పంపేస్తారు. ఆరుగురు మగవాళ్లు కాళ్లు ముడుచుకుని, గడియారం వంక చూస్తూ, వాన సంగతి తప్ప లోకంలోని సంగతులన్నీ మాట్లాడుకునేవారు.

ఎందుకుగారు మాత్రం మిషను నడిపే అమ్మాయిని వదిలేవారు కాదు. ఇన్ని నీళ్లెందుకన్నారు. మూత్రాశయం నిండితే పేగుల్ని పక్కకు నెడుతుందనీ, తను కూడా చాలావరకు కిరణాల దారిలోంచి తప్పుకుంటుందనీ ఆ అమ్మాయి చెప్పింది. మరి రోజూ ఫొటో ఎందుకన్నారు. ప్రోస్టేటు గ్రంథి నిన్నటి చోటే ఇవాళ ఉండదు, కాస్త కదులుతుంది అంది.

"అయితే గోడలో పైపు కాదు, తొట్టిలో తేలే బంతి అన్నమాట," అని ఆయన తృప్తిగా తలూపారు.

అక్కడితో ఆగినా బాగుండేది. డాక్టరమ్మ కనిపిస్తే చాలు, తన బాధలన్నీ హాలంతా వినిపించేలా ఏకరువు పెట్టేవారు. సోమవారం మంట అన్నారు. మంగళవారం, రాత్రికి నాలుగుసార్లు లేస్తున్నానన్నారు. బుధవారం, ఇల్లాలి పక్కన పడుకోవాలంటేనే బెరుకుగా ఉందన్నారు. డ్రైవరు సిగ్గుతో పేపరులో ముఖం దాచుకున్నాడు.

తొమ్మిదో రోజున డ్రైవరు ఆపుకోలేక బల్లమీదే తడిపేశాడు. మిషను అమ్మాయి పల్లెత్తు మాట అనలేదు గానీ అతనికి ప్రాణం చచ్చిపోయింది. ఇంకా పదకొండు రోజులు మిగిలాయి. చస్తే ఇక రాకూడదనుకుంటూ, తడి ప్యాంటున్న కవరు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఎందుకుగారు ఆ కవరునూ, అతని ముఖాన్నీ ఒకసారి చూసి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి నడిచారు.

"బల్లమీద నాకు ఆగట్లేదమ్మా, తడిపేస్తున్నాను. సిగ్గేసి మానేద్దామనుకుంటున్నాను."

చాలామందికి జరిగేదే అంది డాక్టరమ్మ. రెండు గ్లాసులకు తగ్గించి చూద్దామనీ, మందు కూడా ఉందనీ, మధ్యలో మానేస్తే మాత్రం వైద్యం సరిగ్గా పనిచేయదనీ చెప్పింది. డ్రైవరు వెళ్లబోయినవాడల్లా ఆగి విన్నాడు. అంతలో ఆమె ఫైలు తిరగేసి కనుబొమలు ముడిచింది.

"స్కాన్లు చూస్తే మీకు ఏ ఇబ్బందీ ఉండకూడదు. ఫిర్యాదులు చూస్తే ఆరుగురికి సరిపడా ఉన్నాయి. రేపు మూత్రం దారిలోంచి సన్నగొట్టంతో కెమెరా పంపి లోపల చూడాలి."

ఎందుకుగారు మొట్టమొదటిసారి ఎందుకని అడగలేదు. గోడకేసి చూస్తూ సరేనమ్మా అన్నారు. అప్పటికి గానీ డ్రైవరు బుర్రకు ఎక్కలేదు.

"ఆయన్ని వదిలేయండి డాక్టరుగారూ. తడిపింది నేను," అన్నాడు.

ఎదుటి కుర్చీలోని లెక్కల మాస్టారు గొంతు సవరించుకుని, రాత్రి నాలుగుసార్లు లేచేది తనేనన్నారు. మంట తనదని ఆయన పక్కనున్న కిరాణా కొట్టాయన చెయ్యెత్తాడు. ఇవన్నీ మీరెందుకు నెత్తినేసుకున్నారని డాక్టరమ్మ పెద్దాయన్ను నిలదీసింది.

"వీళ్లు కూర్చునే తీరు చూస్తేనే తెలుస్తుందమ్మా. నోరు మాత్రం విప్పరు. అందరి మరుగుదొడ్లలో పనిచేసినవాణ్ణి, నాకేం సిగ్గు?"

ఆమె ఫైల్లో ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చి, బుధవారం దగ్గర ఆగింది. ఇది ఎవరిదంది. ముగ్గురు నేలచూపులు చూశారు.

"అది మాత్రం నాదేనమ్మా," అన్నారు ఎందుకుగారు, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చుంది. దానికీ మార్గాలున్నాయి, అందరికీ కలిపి చెబుతాను వినండి అంది. డ్రైవరు కవరు కింద పెట్టి, పెద్దాయనకు బాగా వినపడేలా ఆయన కుర్చీని ముందుకు జరిపాడు.