నీళ్లు తాగే ఫ్రిజ్

ఫ్రిజ్ రాకముందు కూడా మా రెండిళ్ల వాళ్లం కొట్టుకునేవాళ్లం. అది వచ్చాక కొట్టుకోవడానికి ఇంకో సాకు దొరికింది.

నకిరేకల్‌లో మా ఇల్లూ తాపీ పని చేసే మా మరిది ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మా ఆయన బతికి ఉన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి బోరు వేయించారు. బోరు మరిది వాకిట్లో పడింది, నీళ్లు మాత్రం ఇద్దరివీ. ఆయన పోయాక ఆ మాట నేను రోజూ అరిచి చెప్పాల్సి వచ్చింది. ఒకసారి మరిది భార్య, నా యారాలు, చెంబుతో నా నెత్తి పగలగొట్టింది. నేను ఆమె కొప్పు పట్టుకుని గోడకేసి రాశాను. మర్నాడు ఇద్దరం పక్కపక్కన నిలబడి నీళ్లు పట్టుకున్నాం. మా బతుకు అలాంటిది.

నేను కూలి పని చేసి బతికినదాన్ని. అక్షరాలు నేర్చుకున్నది తెలంగాణ వచ్చాక, సాయంత్రం పూట బడిలో పెట్టిన క్లాసులో, పిల్లల బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చుని. నా కొడుకు కారు కిరాయికి తోలేవాడు. ఆ కారు యజమాని కొత్త ఫ్రిజ్ కొనుక్కుని పాతది మాకిచ్చాడు. రెండు తలుపులది, బీరువా అంత ఉండేది. తలుపు మధ్యలో ఒక గూడు. అందులో గ్లాసు పెట్టి నొక్కితే ఐసు గడ్డలు టపటపా రాలేవి. మీటల మీద అన్నీ ఇంగ్లీషు రాతలు. నేను కాగితం ముక్కల మీద తెలుగులో రాసి అంటించాను. నా కొడుకు చూసి పడీ పడీ నవ్వాడు.

"అమ్మా, గడ్డ అని రాయబోయి గడ అని రాసినవ్. ఫ్రిజ్‌ల నుంచి కర్రలొస్తయా?"

"వస్తయ్. నీ వీపుకు అక్కెరకొస్తయ్," అన్నాను. కింద వత్తు దిద్దాను.

ఐసు కావాలంటే ఫ్రిజ్‌కు నీళ్లు కావాలి. నా కొడుకు బోరు నల్లా నుంచి సన్నటి తెల్ల పైపు తీసి, గోడకు రంధ్రం చేసి, ఫ్రిజ్ వెనక బిగించాడు. మరిదికి ఆ రోజు నుంచి నిద్ర లేదు. ఫ్రిజ్ నీళ్లు లాగినప్పుడల్లా వెనక ఒక చప్పుడు వచ్చేది, గొంతులో పుక్కిలించినట్టు. మరిది గోడకు చెవి పెట్టి వినేవాడు.

"వదినె, గా డబ్బ బోరంత తాగుతాంది. పగలు తాగుతది, రాత్రి తాగుతది."

"చెంబెడు కూడ తాగదురా."

"మరి గీ ఎండకాలం బోరెందుకు గుక్కపట్టింది? మనుషులు తాగేటి నీళ్లు గడ్డలు కట్టి చప్పరించుడేంది?"

కొన్నాళ్లకు ఐసు రావడం ఆగిపోయింది. మెకానిక్‌ను పిలిస్తే వచ్చి ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. పైపు ఊడదీసి, అది తగిలించే చోట లోపలున్న చిన్న జాలీని చూపించాడు. దాని నిండా తెల్లగా, సున్నం పేరుకున్నట్టు ఉంది.

"పెద్దమ్మా, మీ బోరు నీళ్లు గిట్లనే ఉంటయ్. నెలకోపారి జాలీ తీసి నిమ్మరసంల నానబెట్టు. ఐసు వాడకపోతే డబ్బ తీసి పారబొయ్యి. లేకపోతే అంత కలిసి ఒకటే ముద్దయితది, కిందున్న మర తిరగదు. కత్తి పెట్టి మాత్రం పొడవకు. వెనక గ్యాసు పైపులుంటయ్, పొక్క పడితే ఫ్రిజ్ ఖతం."

చెప్పినట్టే చేశాను. ఆ పెట్టె గుణం నాకు మెల్లగా పట్టుబడింది. కొత్తిమీర కట్ట లోపలి గోడకు ఆనితే తెల్లారేసరికి నల్లబడి, నీరు కారి, చచ్చి ఉండేది. ఐసు తగిలితే పచ్చి వస్తువు కాలిపోతుందని అలా తెలిసింది. అప్పటి నుంచి తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి ముడి వేసేదాన్ని.

వేసవి ముదిరాక ఐసు మళ్లీ ఆగింది. జాలీ నేనే తీసి కడిగాను, శుభ్రంగానే ఉంది. అయినా చుక్క నీళ్లు రాలేదు. పైపును వేళ్లతో తడుముకుంటూ గోడ అవతలికి వెళ్లి చూశాను. నల్లా దగ్గర కొడవలితో కోసేసి ఉంది.

నేను వాకిట్లో నిలబడి మరిదిని, వాణ్ని కన్నవాళ్లను, వాడి తాపీని తిట్టాను. మరిది బయటికి రాలేదు. నా కొడుకు పైపుకు అతుకు వేశాడు. మరిది మళ్లీ కోశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు అతుకు వేయలేదు. డబ్బాలో మిగిలిన ఐసు కరెంటు పోయినప్పుడు కరిగి, వచ్చినప్పుడు గడ్డకట్టి, బండలా తయారైంది. పారబోయాలని తెలుసు. కోపంతో వదిలేశాను.

ఒక పొద్దున నా కొడుకు కొత్త పైపు తెచ్చి బిగించాడు. వాడు ఇటు తిరిగాడో లేదో, మరిది కొడవలి పట్టుకుని వచ్చాడు. నా కొడుకు ఒక్క దూకులో వెనక్కి వెళ్లి కొడవలి గుంజుకున్నాడు. మరిది పైపును పిడికిట్లో పట్టి లాగసాగాడు.

"ఇడువు చిన్నాయినా."

"ఇడువ. ఏం పీకుతవ్‌రా?"

"ఇడువుమన్ననా!"

"నరుకు మరి! మొగోనివైతే నరుకు!"

నా కొడుకు కొడవలిని గోడకేసి కొట్టాడు. బెదిరించడానికే కొట్టానని ఈ రోజుకీ అంటాడు. మరిది కుడిచేతి బొటనవేలు ఎగిరి బట్టలుతికే బండ పక్కన సబ్బు నీళ్లలో పడింది. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత గోడ మీదికి నెత్తురు చిమ్మింది. మరిది చెయ్యి పట్టుకుని పొట్టేలులా అరుస్తూ మోకాళ్ల మీద పడ్డాడు. యారాలు బట్టలు బాదే కర్ర తీసుకుని నా కొడుకును కొట్టడం మొదలుపెట్టింది, ఎక్కడ పడితే అక్కడ. వాడు కొడవలి కింద పడేసి దెబ్బలు తింటూ నిలబడ్డాడు.

నాకు ఒక్కటే కనిపించింది. బొటనవేలు లేని మేస్త్రి తాపీ పట్టలేడు. వాడు తాపీ పట్టకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, నా కొడుకు జైలుకు పోతాడు.

వేలును ఏరుకుని మంచినీళ్లతో కడిగాను. వెచ్చగా ఉంది. యారాలు కర్ర వదిలేసి పసుపు డబ్బాతో పరుగెత్తుకొచ్చింది.

"పసుపు పెట్టక్కా, పసుపు పెట్టి అంటించు!"

చెంప మీద ఒక్కటిచ్చాను. పసుపంతా నేలపాలైంది. "కొంగు చింపి వాని చెయ్యి గట్టిగ కట్టు, పో!" అని తరిమి ఇంట్లోకి వెళ్లాను.

గూట్లో గిన్నె పెట్టి నొక్కాను. లోపల మర మూలిగింది, గడ్డ రాలలేదు. తలుపు తీసి డబ్బా లాగితే కదల్లేదు. కాలు తన్నిపెట్టి, పైకెత్తి గుంజితే నన్నూ వెంటేసుకుని ఊడొచ్చింది. దాన్ని వాకిట్లోకి తెచ్చి బండ మీద బోర్లేసి రోకలితో దంచాను. ప్లాస్టిక్ పగిలింది, ఐసు పగిలింది, ఒక ముక్క నా కనుబొమ్మ చీల్చింది.

"అక్కా, ఐసుల దోపు వేలును! జల్ది దోపు!"

"ఐసు తాకితే సస్తదే! కొత్తిమీర లెక్క నల్లబడుతది!"

"మా ఆయన వేలు నీకు కొత్తిమీరనా?"

 వేలును ఉతికిన గుడ్డ తడిపి చుట్టాను, కవర్లో పెట్టి ముడి వేశాను, పాల క్యానులో ఐసు పోసి దాని మీద పెట్టాను. నా కొడుకు కారు తెచ్చాడు. నరికినవాడే తోలాడు, ఇంకెవరున్నారు?

నకిరేకల్ దవాఖానలో కట్టు కట్టి, పట్నం తీసుకుపొమ్మన్నారు. హైవే మీద మరిది వెనక సీట్లో వాలి, మొహం పాలిపోయి, ఆగకుండా తిడుతూనే ఉన్నాడు.

"పైపు కోస్తే వేలు కోస్తవా? రేపు గోడ కూలగొడితే తల నరుకుతవా?"

"మాట్లాడకు చిన్నాయినా, నెత్తురు పోతాంది."

"నా నెత్తురు, నా ఇష్టం. నువ్వు ముంగట చూడు, లారీ కింద పెట్టేటట్టున్నవ్. నరికుడు రాదు, తోలుడు రాదు."

నార్కట్‌పల్లి వచ్చేసరికి క్యానులో ఐసు నీళ్లవుతోంది. సోడా బండి దగ్గర కారు ఆపించి క్యాను పట్టుకుని దిగాను. ఆ బండివాడు ఐసు కొడుతూ నవ్వాడు.

"పొద్దుపొద్దుగాల్నే మొదలుపెట్టిన్రా అవ్వా? బీరుకా?"

"వేలుకు," అన్నాను. మూత తీసి చూపించాను. ఆ మనిషి సుత్తి కింద పడేసి, ఐసు గడ్డను అట్లాగే ఎత్తి క్యానులో పెట్టాడు.

పట్నంలో వేలు కుట్టారు. చాలా సేపు పట్టింది. కుట్టిన వేలులోకి నెత్తురు పారుతున్నదని తెల్లారి డాక్టరు చెప్పాడు. వేలు వంగుతుందా, పట్టు వస్తుందా అంటే మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పలేనన్నాడు. పోలీసులు వచ్చి అడిగితే మరిది, "కొడవలి నాదే, పైపు కోస్తుంటే జారింది," అన్నాడు. వాళ్లు వెళ్లాక నా వంక తిరిగాడు.

"నీ కొడుకును జైల్ల పెడితే వాణ్ని నేనెట్ల తన్నాలె?"

ఇంటికొచ్చాక నెలలు గడిచాయి. వేలు ఉంది, పని చేయడం లేదు. రోజూ పొద్దున మరిది అరుగు మీద కూర్చుని తాపీ పట్టుకునేవాడు. అది జారి బండ మీద ఖణేల్‌మని పడేది. గోడ ఇవతల కూర్చున్న నాకు ఆ చప్పుడు పళ్లలో దిగేది. మళ్లీ ఎత్తేవాడు, మళ్లీ పడేది. యారాలు ఏడుపు వినిపించేది. నా కొడుకు రోజూ వెళ్లి వాళ్ల తొట్టి నింపి తలొంచుకుని వచ్చేవాడు.

ఒక పొద్దున తాపీ పడింది. తొట్టి నింపుతున్న నా కొడుకు వంగి, ఎత్తి, చేతికి అందించబోయాడు. మరిదికి ఏం పుట్టిందో, ఎడమ చేత్తో వాడి చెంప పగలగొట్టాడు. కుడి చేత్తో అంగీ గల్లా పట్టి మెలిపెట్టి గోడకేసి అదిమాడు.

"నాకు బిచ్చమేస్తున్నవారా? నాకు?"

గుండీలు తెగి రాలాయి. నా కొడుకు మొహం కమిలిపోయింది, కళ్లు బయటికొస్తున్నాయి. ఊపిరాడక గురకలు పెడుతున్నాడు, చెయ్యి మాత్రం ఎత్తడం లేదు.

"సస్తడు, ఇడువు! పొల్లగాడు సస్తడు!" యారాలు మొగుని నడుం పట్టుకుని వేలాడింది.

నేను గేటు తోసుకుని వెళ్లాను, విడదీయాలనే వెళ్లాను. దగ్గరికెళ్లేసరికి ఆ చెయ్యి కనబడింది. నాలుగు వేళ్లు ఒక వైపు, బొటనవేలు ఇంకో వైపు. మధ్యలో అంగీ. కుట్ల మచ్చ తెల్లబడేంత బిగువుగా, కణుపు దగ్గర వంగి, బట్టను నొక్కిపెట్టింది.

"ఏరా," అన్నాను మరిదితో, "ఇడువకు. ఇంక జర బిగవట్టు."

నా కొడుకు గురకలు పెడుతూనే తల కిందికి వంచి, ఆ వేలు వంక చూశాడు.