నీరుగంటి పెద్దప్ప కేక

బుక్కపట్నంలో నీరుగంటి పెద్దప్ప అంటే మామూలోడా? చెరువు నీళ్లు పొలాలకు ఇడిసేది ఆయనే. తూము చక్రం మీద ఇంకొకరి చెయ్యి పడితే ఒప్పుకునేవాడు కాదు. నాయన తరువాత నలభై ఏండ్లుగా తిప్పుతున్నాడు, ఒక గొర్రెపిల్లకు కూడా హాని జరగలేదు. ఆ సంగతి అడిగినోడికీ అడగనోడికీ చెప్పేవాడు.

పద్ధతీ అట్లాంటిదే. చక్రం తిప్పే ముందు "తూము ఇడుస్తాండా!" అని మూడు కేకలు. నీళ్లలో ఉన్నోళ్లు చెయ్యెత్తాల. విన్నాం, గట్టుకు పోతాండాం అని దానర్థం. ఆ చెయ్యి చూసినాక పెద్దప్ప మళ్లీ నీళ్ల వైపు తిరిగి చూసిందే లేదు.

తొంభై ఎనిమిదిలో ఒకరోజు, వీపున ఇంత సంచి తగిలించుకుని ఓ తెల్లబ్బాయి బస్సు దిగినాడు. పెనుకొండలో కోట, ఇంగ్లీషు దొరల నాటి బంగళాలు చూసుకుని చెరువు చూడను వచ్చినాడంట. ఎండకు తాళలేకపోయినాడేమో పాపం, సంచి కట్ట మీద పారేసి తూము పక్కనే నీళ్లలోకి దూకినాడు.

పెద్దప్ప కేకలేసినాడు. అబ్బాయి పళ్లన్నీ కనపడేట్టు నవ్వి చెయ్యెత్తినాడు. ఇంకేముంది, పెద్దప్ప అటు తిరిగి చక్రం తిప్పినాడు.

వెనక అరుపు. తిరిగి చూస్తే నీళ్ల పైన తల లేదు.

"అయ్యో, నా చేతులు ఇరిగిపోను!" అని పెద్దప్ప తల బాదుకున్నాడు. తూము తలుపు దించితే నీళ్ల గుంజుడు ఆగుతుంది, కానీ కాలు లోపలికి పోయుంటే తెగిపోతుంది. దించకుంటే మనిషే పోతాడు. ఏడుస్తానే చక్రం వెనక్కి తిప్పినాడు. తలుపు కింద జానెడు సందు ఎప్పుడు మిగులుతుందో ఆయన చేతులకు తెలుసు. అంతటితో ఆపి, కట్టుకున్న పంచెతోనే దూకినాడు.

బురద నీళ్లు, ఏమీ కానరాలేదు. రాయి తగిలింది, నాచు తగిలింది. ఊపిరాడక పైకొచ్చి, "చౌడమ్మ తల్లీ, నన్ను తీసుకపో, ఆ బిడ్డను ఇడ్సు!" అని మళ్లీ మునిగినాడు. ఈసారి జుట్టు దొరికింది.

గట్టు మీద బోర్లా పడుకోబెట్టి వీపు అదిమితే చానాసేపటికి నీళ్లు కక్కి దగ్గినాడు. మోకాలి కింద తోలు లేచిపోయింది గానీ ఎముక నిలిచింది. మళ్లలోని జనమంతా పరిగెత్తుకొచ్చినారు. పెద్దప్ప ప్రాణం పోసినాడని ఒకటే అరుపులు.

అబ్బాయి లేచి కూర్చుని ముసలాయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. పెద్దప్ప వాటిని లాక్కోబోయినాడు.

"నేనే నాయనా, తూము ఇడిసింది నేనే!"

"గమ్మునుండయ్యా, పోలీసులొస్తారు," అంది పెళ్లాం నాగక్క, చెవి దగ్గరకొచ్చి.

ఆయన ఉంటేనా! చక్రాన్ని చూపించినాడు, తన రొమ్ము మీద కొట్టుకుని చూపించినాడు. అబ్బాయి అర్థమయిందన్నట్టు తల ఊపినాడు. ఊపి, ఆ రొమ్ముకే తల ఆనించి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు.