రంగు వెలిసిన కప్ప

పోయినేడు మా పాప పుట్టినరోజుకు నారాయణగూడలో పెంపుడు చేపలమ్మే దుకాణంలో నీలం రంగు కప్పను కొన్నాను. రెండు నెలలకే రంగు వెలిసి తెల్లబడింది. మొదటి ఉతుకుకే రంగు పోయిన చీరను వాపసు తీసుకెళ్లినట్టే, దాన్ని డబ్బాలో పెట్టుకుని పాపతో వెళ్లాను.

"ఏందన్నా, గిట్ల మోసం చేస్తరా?" అని నలుగురిలో గట్టిగానే అడిగాను.

దుకాణదారు తడబడలేదు. "పరేషాన్ కాకు అక్కా. ఇది తెల్ల కప్పనే. సూదితోని రంగెక్కిస్తం. ఇటియ్యి, మళ్ల ఎక్కిస్త" అంటూ చెయ్యి చాపాడు.

నేను డబ్బా అందించబోయాను. పాప లాక్కుంది.

"అమ్మా, మళ్ల గుచ్చితే దానికి నొప్పి కాదా?"

అందరూ నావైపే చూశారు. కప్పను తీసుకుని చిక్కడపల్లిలో మా ఇంటికి నడిచి వచ్చేశాం.

కప్ప ఇప్పుడు మా ఇంట్లో తెల్లగానే ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, ఆ రోజు డబ్బా అందించబోయిన నా చెయ్యే గుర్తొస్తుంది.